ఎర్రర్ నాణేల కిట్: కాటాకు తొమ్మిది మార్కులు, మైక్రోస్కోప్‌కు మూడు

తిరుపతిలో చిల్లరకు కరువు లేదు. కొండమీద హుండీలో పడ్డ నాణెం పరకామణిలో లెక్కకెక్కి, బ్యాంకుకు చేరి, అక్కడి నుంచి కొబ్బరికాయల అంగడికీ, టీ బంకుకూ, బస్సు కండక్టరు సంచిలోకీ వచ్చి పడుతుంది. నాలుగు టంకశాలల సరుకూ ఇక్కడ కలుస్తుంది కాబట్టి అచ్చు తప్పిన నాణేలు వెతికేవాళ్లకు ఈ ఊరు బాగా పనికొస్తుంది. ఆ ఆశకు తగ్గట్టే ‘ఎర్రర్ కాయిన్ కిట్’ అంటూ బ్రాండు పేరు లేని పెట్టె ఒకటి ఆన్‌లైన్‌లో వెయ్యికీ రెండు వేలకూ మధ్య దొరుకుతోంది. లోపల జేబు కాటా, మడతపెట్టే భూతద్దం, యూఎస్‌బీ మైక్రోస్కోప్, వ్యాసం కొలిచే ప్లాస్టిక్ కాలిపర్, గుండీ అంత అయస్కాంతం, డిగ్రీల గీతలున్న పారదర్శక చక్రం, పాతిక ప్లాస్టిక్ కవర్లు, ఒక కరపత్రం ఉంటాయి.

ముందే చెప్పేస్తే, కాటా, అయస్కాంతం పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తాయి. భూతద్దం ఫరవాలేదు. మైక్రోస్కోప్ కొత్తవాళ్లను తప్పుదారి పట్టిస్తుంది. కవర్లు పారేయాల్సినవి, కరపత్రం అంతకన్నా ముందు పారేయాల్సింది.

కాటా 200 గ్రాముల వరకు తూచి, 0.01 గ్రాము దాకా అంకె చూపిస్తుంది. చూపించడం వేరు, నిజంగా అంత కచ్చితంగా తూచడం వేరు. చివరి అంకె ఒకటి రెండు అటూ ఇటూ ఊగుతుంది. నాణేల పనికి అది అడ్డం కాదు. ఫ్యాను ఆపండి, గట్టి బల్ల మీద పెట్టండి, ఆన్ చేసి ఒక నిమిషం ఆగి సున్నా చేయండి. నాణేన్ని పళ్లెం నడిమధ్య ఒకసారి, నాలుగు మూలల్లో ఒక్కొక్కసారి తూచి చూడండి. మూలకు పెడితే 0.05 తేడా వచ్చే కాటాను వెనక్కి పంపడమే మంచిది. బ్యాటరీలు నీరసిస్తే అంకె మెల్లగా పైకో కిందికో జారుతూనే ఉంటుంది. దాన్ని నాణెం తప్పు అనుకోకండి.

కాలిబ్రేషన్‌కు, అంటే కాటాను సరిచేసుకోవడానికి, 100 గ్రాముల తూకపురాయి కావాలి, అది మాత్రం పెట్టెలో పెట్టరు. గాంధీ రోడ్డులో తెలిసిన నగల అంగడి ఉంటే వాళ్ల రాయి మీద ఒక్కసారి సరిచూసుకోవచ్చు. లేదంటే కొత్తగా మెరుస్తున్న ఇరవై రూపాయల నాణేలు పది తీసుకోండి. ఒక్కోటి 8.54 గ్రాములు, పదీ కలిసి 85.4 చూపాలి. అరిగిన నాణేలతో ఈ పరీక్ష చేయకూడదు.

కాటా ఎంత మంచిదైనా ఏది ఎంత ఉండాలో తెలియకపోతే వృథా. కరపత్రంలో ఉండాల్సిన లెక్కలు ఇవి, ఉన్నవి వేరు. 2011 సిరీస్‌లో రూపాయి 3.79 గ్రాములు, 22 మిల్లీమీటర్లు. రెండు రూపాయలు 4.85 గ్రాములు, 25 మిల్లీమీటర్లు. ఐదు రూపాయలు 6 గ్రాములు, 23 మిల్లీమీటర్లు. పది రూపాయలు 7.71 గ్రాములు, 27 మిల్లీమీటర్లు. 2019లో వచ్చిన కొత్త సిరీస్‌లో ఇవి దాదాపు అన్నీ మారాయి: రూపాయి 3.09 గ్రాములు, 20 మిల్లీమీటర్లు. రెండు రూపాయలు 4.07, 23, ఐదు 6.74, 25, పది 7.74, 27. పన్నెండు పలకల ఇరవై రూపాయలు కూడా 27 మిల్లీమీటర్లే. పాతవాటిలో 1992 నుంచి నడిచిన స్టీలు రూపాయి 4.85 గ్రాములు, 25 మిల్లీమీటర్లు. పదకొండు పలకల పాత రెండు రూపాయలు 6 గ్రాములు. రాగి, నికెల్ కలిపిన బరువైన పాత కప్రోనికెల్ ఐదు రూపాయలు 9 గ్రాములు.

ఈ అంకెల్లోనే ఒక ఉచ్చు ఉంది. 1992 నాటి రూపాయి, 2011 సిరీస్ రెండు రూపాయలు రెండూ 4.85 గ్రాములు, 25 మిల్లీమీటర్లు, రెండూ స్టీలు. ఆ పాత రూపాయిని పట్టుకుని ‘రెండు రూపాయల బిళ్ల మీద రూపాయి అచ్చు పడింది’ అని వేలకు అమ్మజూసేవాళ్లున్నారు. పాత స్టీలు యాభై పైసలు, 2011 రూపాయి కూడా అంతే, రెండూ 3.79 గ్రాములు, 22 మిల్లీమీటర్లు. కాబట్టి తూకం కలిసిందని సంబరపడే ముందు నాణెం మీది సంవత్సరం చదవండి.

తప్పుడు బిళ్ల మీద పడ్డ అచ్చు నిజంగా ఎలా ఉంటుందో టంకశాల పని తెలిస్తే సులువుగా ఊహించవచ్చు. లోహపు పట్టీలోంచి గుండ్రటి బిళ్లలు కోస్తారు, కొలిమిలో కాల్చి మెత్తబరుస్తారు, కడుగుతారు, అంచు పైకి లేచేలా ఒత్తుతారు. ఆ తర్వాత బొమ్మ చెక్కిన రెండు ఉక్కు అచ్చుల మధ్య, చుట్టూ కాలర్ అనే ఉక్కు వలయంలో పెట్టి ఒక్క దెబ్బ వేస్తారు. చిన్న బిళ్ల పెద్ద కాలర్‌లో పడగలదు, పెద్ద బిళ్ల చిన్న కాలర్‌లో కూర్చోదు. అందుకే 2019 తర్వాతి రెండు రూపాయల అచ్చు రూపాయి బిళ్ల మీద పడితే కాటా 4.07 బదులు 3.09 దగ్గర ఆగుతుంది, బొమ్మ చుట్టూ ఉన్న అక్షరాలు అంచు దగ్గర తెగిపోతాయి. ఈ రెండూ కలిసి ఉంటేనే మాట్లాడుకోవాలి. తూకం తగ్గి, అక్షరాలన్నీ చక్కగా ఉండి, గీతలు మాత్రం సన్నబడి ఉంటే అది ఆసిడ్‌లో ముంచిన నాణెం. ఏళ్ల తరబడి కోనేటి అడుగున పడి ఉన్న నాణెం కూడా నల్లబడి, గుంటలు పడి తూకం తగ్గుతుంది. దాన్నీ పలచటి బిళ్ల అని పొరబడతారు.

కొరికినట్టుండే ‘క్లిప్’ నాణేలకు కూడా కాటాయే మొదటి సాక్షి. పట్టీ సరిగ్గా జరగక, ముందు కోసిన గుంత మీదే మళ్లీ కోత పడితే బిళ్లకు నెలవంక ఆకారంలో ఒక పక్క లోటు వస్తుంది. 2011 సిరీస్ ఐదు రూపాయల నాణెంలో ఇరవయ్యో వంతు లేకపోతే కాటా 5.70 దగ్గర నిలవాలి. నిలిస్తే సరిపోదు, ఆకురాయితో అరగదీసినా అంతే తగ్గుతుంది కదా. అసలు తేడా ఎదురు వైపున ఉంటుంది. అంచు ఒత్తే యంత్రంలో లోటు ఉన్న చోట బిళ్లకు ఒత్తిడి అందదు, అందుకే దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న అంచు కూడా బలహీనంగా, చదునుగా మిగిలిపోతుంది. నాణేల వాళ్లు దీన్ని బ్లేక్స్‌లీ ఎఫెక్ట్ అంటారు. పైగా అసలు క్లిప్ దగ్గర అక్షరాలు ఆ లోటు వైపు సాగి, మెల్లగా సన్నబడతాయి. ఆకురాయి పెట్టిన చోట అక్షరం కత్తితో కోసినట్టు ఠక్కున ఆగిపోతుంది, కోత మెరుస్తూ ఉంటుంది. ఎదుటి అంచు బలహీనత ప్రతి అసలు క్లిప్‌లోనూ కొట్టొచ్చినట్టు కనబడదు గానీ, కనబడితే అది గట్టి రుజువు.

అయస్కాంతం గురించి రెండు మాటలు చాలు. స్టీలు రూపాయి, స్టీలు రెండు రూపాయలు అతుక్కుంటాయి. కప్రోనికెల్, నికెల్ బ్రాస్ (నికెల్ కలిపిన ఇత్తడి) నాణేలు అతుక్కోవు. 2007, 2008 నాటి ఐదు రూపాయలు స్టీలువే, అతుక్కున్నాయని గాభరా పడకండి. పసుపు రంగులో ఉన్న రూపాయి అయస్కాంతానికి పట్టుకుంటే పూత వేసిందో, మరక పడిందో. ఈ ఊళ్లో రెండోదే ఎక్కువ. పసుపు గుడ్డలో ముడుపు కట్టిన నాణెం నెలల తరబడి అలాగే ఉంటే స్టీలు మీద కూడా పచ్చటి చార మిగులుతుంది. సబ్బు నీళ్లలో కాసేపు నానబెడితే తెలిసిపోతుంది.

ప్లాస్టిక్ కాలిపర్ వంగుతుంది. కొంచెం గట్టిగా నొక్కితే పావు మిల్లీమీటరు తక్కువ చూపిస్తుంది. నాలుగు దిక్కులా కొలిచి చూసుకోవాలి. ఇది అవసరపడేది కాలర్ లేకుండా అచ్చు పడిన నాణేలకు: లోహం పక్కలకు పారి వ్యాసం పెరుగుతుంది, తూకం మాత్రం మారదు, అంచు నున్నగా ఉంటుంది. సుత్తితో కొట్టిన నాణెం కూడా వెడల్పవుతుంది, కానీ దానిపై అక్షరాల తలలు నలిగి చదునవుతాయి. పని చేసేది స్టీలు కాలిపర్, పెట్టెలోది కాదు.

ఇక భూతద్దం. చట్రం మీద 30 రెట్లు అని చెక్కి ఉంటుంది, నమ్మకండి. ఒక రూపాయి నాణెం పెట్టి ఎంత భాగం కనబడుతుందో చూస్తేనే అర్థమవుతుంది, అందులో సగం కూడా ఉండదు. అయితే అది లోపం కాదు, నాణేలకు 10 రెట్లు చాలు. అద్దం అంచుల్లో రంగుల చారలు వస్తాయి, నడిమధ్య మాత్రం శుభ్రంగా ఉంటుంది. దాన్ని నాణెం మీద పెట్టి దూరం నుంచి తొంగిచూసేవాళ్లే ఎక్కువ. అద్దాన్ని కంటికి దాదాపు ఆనించి, నాణేన్నే దగ్గరికి తెచ్చుకోవాలి. దీపం నెత్తిమీద కాకుండా పక్కనుంచి, ఏటవాలుగా పడాలి.

అప్పుడు వెతకాల్సింది ఒకే ఒక్క ప్రశ్నకు జవాబు: ఆ గీత ఉబ్బి ఉందా, లోపలికి దిగి ఉందా? అచ్చులో పగులు వస్తే ఆ పగుల్లోకి లోహం పారి నాణెం మీద ఉబ్బిన గీతగా పడుతుంది. నాణెం నేల మీద రాసుకుంటే గాటు లోపలికి దిగుతుంది. ‘క్రాక్’ పేరుతో చూపించే వాటిలో చాలావరకు గాట్లే. పగులు ముదిరి అచ్చు అంచు ముక్కగా ఊడిపోతే, నాణెం అంచున అక్షరాలను మింగేసిన ఉబ్బెత్తు ముద్ద వస్తుంది. దాన్ని కడ్ అంటారు. స్టీలు గట్టి లోహం కాబట్టి అచ్చుల మీద ఒత్తిడి ఎక్కువ, స్టీలు నాణేల మీద పగుళ్లు తరచుగా కనబడతాయి. సన్నటి పగులుకు పెద్ద ధర పలకదు, పూర్తి కడ్‌కు పలుకుతుంది. అక్షరం సగం మాయమైన నాణేలు కూడా ఎక్కువే. అచ్చు గుంతలో గ్రీజు, లోహపు పొడి పేరుకుని లోహం అక్కడికి వెళ్లకపోవడమే కారణం. సంవత్సరంలో ఒక అంకె మసకగా ఉంటే దాన్ని కూడా ఈ ఖాతాలోనే వేసుకోవాలి.

అక్షరాలు రెండేసిగా కనబడే జంట అచ్చు విషయంలో చాలామంది తడబడతారు. దెబ్బ వేసేటప్పుడు అచ్చు వదులై కొద్దిగా కదిలితే అక్షరం పక్కన చదునైన మెట్టులాంటి నీడ వస్తుంది, అక్షరం అసలు మందం తగ్గుతుంది. ఇది యంత్రపు అదురు, దీనికి విలువ లేదు. అచ్చు తయారుచేసేటప్పుడే బొమ్మ రెండుసార్లు తప్పుగా పడితే, రెండు అక్షరాలూ గుండ్రంగా, సమాన ఎత్తులో ఉంటాయి, మూలల్లో చీలిక స్పష్టంగా కనబడుతుంది, ఆ అచ్చుతో కొట్టిన ప్రతి నాణెం మీదా అదే చోట ఉంటుంది. ఒక్క నాణెం చూసి తీర్పు చెప్పడం కష్టం. అదే సంవత్సరం, అదే టంకశాల గుర్తు ఉన్నవి ఇంకో పది చూడాలి.

సరిగ్గా ఇక్కడే మైక్రోస్కోప్ ముంచుతుంది. పెట్టె మీద 1000 రెట్లు అని వేస్తారు. చిన్న కెమెరా తీసిన బొమ్మను తెర మీద సాగదీసి లెక్కగట్టిన అంకె అది. 50 రెట్ల దగ్గర బొమ్మ బాగుంటుంది, ఆ పైన మసక. అసలు సమస్య రెట్లు కాదు, వెలుతురు. లెన్సు చుట్టూ వలయంలా ఉన్న ఎల్‌ఈడీలు నిట్టనిలువుగా వెలుగు పోస్తాయి. నీడలు పడవు. నీడ లేకపోతే ఎత్తుపల్లాలు కంటికి దొరకవు, ఉబ్బిన గీత దిగినట్టూ, గాటు ఉబ్బినట్టూ కనబడతాయి. స్టీలు నాణెం మీదైతే అద్దం మీద టార్చి వేసినట్టు తెల్లటి మెరుపు తప్ప ఏమీ మిగలదు. అంటే తేల్చుకోవాల్సిన ఒకే ఒక్క ప్రశ్నకు ఈ యంత్రం జవాబివ్వలేదు. దానికి తోడు, ఇంత పెద్దగా చూస్తే జేబులో తిరిగిన ప్రతి నాణెమూ ఎర్రర్ నాణెమే అనిపిస్తుంది.

కొన్నారు కాబట్టి వాడుకోవాలంటే ఒక దారి ఉంది. వైరు మీదున్న చక్రం తిప్పి ఎల్‌ఈడీలు పూర్తిగా ఆపేయండి. టేబుల్ లైటును నాణేనికి ఎడమ పక్కన, బల్లకు దగ్గరగా కిందికి దించండి. ఒక ఫోటో తీశాక నాణేన్ని కదపకుండా లైటును కుడి పక్కకు మార్చి ఇంకోటి తీయండి. రెండు ఫోటోల్లోనూ గీత నీడ లైటుకు అవతలి వైపున పడితే అది ఉబ్బు, లైటు ఉన్న వైపునే పడితే పల్లం. స్టాండు చేయి తగిలితే వణుకుతుంది, కింద మడిచిన గుడ్డ వేయండి. ఫోనుకు తగిలించాలంటే ఓటీజీ ఆడాప్టరు వేరే కొనాలి. అమ్మేటప్పుడు ఫోటోలు పెట్టడానికి తప్ప దీని అవసరం రాదు.

డిగ్రీల చక్రం చిన్న వస్తువే గానీ పనికొస్తుంది. మన నాణేలకు బొమ్మా బొరుసూ రెండూ ఒకే దిక్కుకు నిటారుగా ఉంటాయి. నాణేన్ని పైనా కిందా రెండు వేళ్లతో పట్టుకుని పక్కకు తిప్పితే వెనక బొమ్మ కూడా నిటారుగా రావాలి. అచ్చు బిగింపు వదులైతే మెల్లమెల్లగా తిరుగుతూ పోతుంది, అందుకే ఒకే రకం నాణేల్లో 10 డిగ్రీలవీ, 40 డిగ్రీలవీ, 180 డిగ్రీలవీ దొరుకుతాయి. పదిహేను లోపు ఉన్నవాటిని ఎవరూ లెక్కచేయరు. తలకిందులుగా ఉన్నదాన్ని పక్కన పెట్టుకోండి.

కరపత్రానికి వద్దాం. ‘రూపాయి గుర్తు లేని నాణెం’ విలువైనదని అందులో మొదటి మాట. రూపాయి గుర్తును 2010 జూలైలో ఆమోదించారు, నాణేల మీదకు 2011లో వచ్చింది. అంతకు ముందువాటి మీద లేకపోవడం తప్పెలా అవుతుంది? పది రూపాయల నాణేల్లో గుర్తున్నవీ లేనివీ రెండూ చెల్లుతాయనీ, అప్పటికి 14 డిజైన్లు వచ్చాయనీ రిజర్వ్ బ్యాంకు 2018 జనవరిలో ప్రకటించింది కూడా. రెండో మాట, 1985 రూపాయి మీద సంవత్సరం కింద హెచ్ అక్షరం. అది బర్మింగ్‌హామ్‌లోని హీటన్ టంకశాల గుర్తు. అప్పట్లో నాణేల కొరతకు బయటి దేశాల్లో కొట్టించారు. 1999 ఐదు రూపాయల మీది ఎంఎండీ మాస్కోది. మన టంకశాలల సంగతి చూస్తే ముంబైకి వజ్రం, హైదరాబాదుకు నక్షత్రం, నోయిడాకు చుక్క, కోల్‌కతాకు ఏమీ ఉండదు. ‘గుర్తు లేని నాణెం’ అంటే కోల్‌కతా నాణెం, అంతే. వైష్ణోదేవి బొమ్మతో 2012లో వచ్చిన ఐదు, పది రూపాయలు స్మారక నాణేలు, అచ్చు తప్పినవి కావు.

రాయాల్సిందేమో రాయలేదు. రెండు లోహాల పది రూపాయల్లో నడిమి బిళ్ల, చుట్టూ వలయం విడివిడిగా వచ్చి, ఒకే దెబ్బతో అచ్చు పడుతూనే ఒకదానికొకటి బిగుసుకుంటాయి. అందువల్ల నడిమి బిళ్ల పక్కకు జరిగినా బొమ్మ మాత్రం రెండు లోహాల మీదుగా తెగకుండా సాగాలి. నడిమి బొమ్మ ఒక దిక్కుకు, వలయం మీది అక్షరాలు ఇంకో దిక్కుకు తిరిగి ఉంటే, ఎవరో నడిమి బిళ్లను ఊడగొట్టి మళ్లీ బిగించారన్నమాట. రెండు లోహాలు కలిసే చోట భూతద్దంతో చూస్తే నలిగిన గుర్తు దొరుకుతుంది.

బ్రాకేజ్ పేరుతో జరిగే మోసం ఇంకా పెద్దది. కొట్టిన నాణెం ఒక అచ్చుకు అతుక్కుపోతే, తర్వాతి బిళ్లకు ఆ నాణెమే అచ్చవుతుంది. దాంతో కొత్త నాణేనికి ఒక పక్క బొమ్మ మామూలుగా ఉబ్బి ఉంటుంది, రెండో పక్క అదే బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడి, లోపలికి దిగి ఉంటుంది. రెండు నాణేలను వైస్‌లో (మర తిప్పి బిగించే ఇనుప పట్టులో) పెట్టి నొక్కితే కూడా తిరగబడ్డ అక్షరాలు పడతాయి. కానీ ఆ పక్కన ముందే ఉన్న అసలు అచ్చు జాడ పూర్తిగా పోదు, కింద మసకగా మిగులుతుంది, ఎదుటి పక్క నలుగుతుంది. రెండు అచ్చుల ఆనవాళ్లు ఒకే పక్కన కలిసి కనబడితే ముందు వైస్‌నే అనుమానించండి. నాణేలను కరిగించడం, ధ్వంసం చేయడం 2011 నాణేల చట్టం కింద నేరమని ఇలా తయారుచేసేవాళ్లు మరిచిపోతారు.

కవర్లు పీవీసీవి. తెరవగానే కొత్త రెయిన్‌కోటు వాసన వస్తే అదే గుర్తు. కొన్నాళ్లకు రాగి కలిసిన నాణేల మీద పచ్చటి జిగురు దిగుతుంది. మైలార్ అనే పారదర్శక ప్లాస్టిక్ కిటికీ ఉన్న అట్ట హోల్డర్లు కొనుక్కోండి. కుంకుమ, కర్పూరపు మసి అంటిన నాణేన్ని చింతపండుతోనో నిమ్మరసంతోనో తోమితే మెరుస్తుంది, ఆ మెరుపుతోనే ధర పోతుంది. నీళ్లు, కొద్దిగా సబ్బు, ఒత్తి ఆరబెట్టడానికి నూలు గుడ్డ చాలు.

పాత నాణెం కొంటామంటూ రిజర్వ్ బ్యాంకు పేరు చెప్పి ముందుగా కమిషన్ అడిగే ఫోన్లు వస్తాయి. అలాంటి కొనుగోళ్లు తాము చేయమని, ఎవరికీ ఆ అనుమతి ఇవ్వలేదని బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది.

కిట్టు మొత్తంగా కొనే బదులు కాటా, నగలవాళ్లు వాడే 10 రెట్ల భూతద్దం, స్టీలు కాలిపర్ విడిగా తీసుకుంటే దాదాపు అదే ఖర్చులో మంచి వస్తువులు వస్తాయి. అయస్కాంతం పాత స్పీకరులోంచి తీసినా సరిపోతుంది. ఇప్పటికే ఆర్డరు పెట్టి ఉంటే, పెట్టె చేతికొచ్చిన రోజే కాటాను నాలుగు మూలల్లో తూచి చూడండి, ఇరవై రూపాయల నాణేలు పది పెట్టి 85.4 వస్తుందో లేదో చూసుకోండి. రిటర్న్ గడువు దాటాక తేడా తెలిస్తే చేసేదేమీ ఉండదు.